అమ్మ పైకి చెప్పుకున్న నియ్యతు

మా అయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ షాపు మనిషి. ఇంజను బాయిలరుకి రివిట్లు దిగ్గొట్టేటప్పుడు లోపల ఒకడు, బయట ఒకడు ఉండాలి. బయటవాడు సుత్తితో కొడతాడు. లోపలివాడు ఆ దెబ్బకి ఎదురుగా ఇనపదిమ్మ పట్టుకుని కూర్చుంటాడు. అయ్య లోపలివాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన చెవులు సగం పోయాయి. అందుకని మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. అన్నానికి పిలిచినా పక్క క్వార్టరువాళ్ళు ఉలిక్కిపడేటట్టు పిలిచేవాళ్ళం.

అందరిలోకీ పెద్ద గొంతు అమ్మది. రోజూ తెల్లవారుజామున నమాజుకి నిలబడే ముందు ఆ గొంతుతోనే నియ్యతు చెప్పుకునేది. నియ్యతంటే సంకల్పం. ఏ పూట నమాజు, ఎన్ని రకాతులు, ఎవరి కోసం అని మనసు కుదురుచేసుకోవడం. రకాతంటే నిలబడి, వంగి, నుదురు నేలకానించి సజ్దా చేసే ఒక వరస. ఊళ్ళో ఉర్దూ మాట్లాడే ముసల్మానులు దాన్ని ఉర్దూలో గొణుక్కునేవారు. అమ్మకి ఉర్దూ రాదు. మేం దూదేకులవాళ్ళం, తాతలనాడు విజయనగరం వైపు నించి రైలు పనికి వచ్చినవాళ్ళం. ఇంట్లో తెలుగే. అమ్మ ఆ తెలుగులోనే, గోడ అవతలికి వినబడేటట్టు చెప్పేది.

"అల్లా, ఈ తెల్లారగట్ల నమాజు రెండు రకాతులు ఫర్జు, నీ కోసరమే నిలబడ్డాను. నా మొకం కాబా ఏపు తిప్పినాను. నా మనసు తిప్పడం నీ సేతిలో ఉన్నాది."

ఫర్జంటే తప్పనిసరిది. ఆ చివరి మాట మా అమ్మమ్మ కలిపిందట. లేదా వాళ్ళమ్మ కలిపిందేమో. అమ్మకీ సరిగ్గా తెలీదు. అది అయ్యాక అల్లాహు అక్బర్ అని చేతులు కట్టుకునేది. ఆపైన ఇక గొంతు వినబడేది కాదు, పెదాలు మాత్రం కదిలేవి.

మేమందరం ఆ మాటలకే లేచేవాళ్ళం. అయ్యకి మసీదు నించి వచ్చే అజా పిలుపు వినబడేది కాదు. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ఉన్నా అమ్మ గొంతు మాత్రం వినబడేది. గబగబా కాళ్ళు కడుక్కుని తనూ వచ్చి నిలబడేవాడు. మా పెరడుకీ పక్క క్వార్టరు పెరడుకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే. ఆ ఇంట్లో శ్రీకాకుళం వైపు నించి వచ్చిన తెలుగువాళ్ళు ఉండేవారు. హిందువులు. ఆయన మెషిన్ షాపులో ఫిట్టరు. ఆవిడని నేను అత్తా అనేదాన్ని, ఆవిడ అమ్మని ఒదినా అనేది. అమ్మ నియ్యతు వినబడగానే లేచి బొగ్గుల పొయ్యి అంటించేదట. మొగుడి పొద్దుటి డ్యూటీ ఎన్నడూ తప్పిపోలేదని, అది మా అమ్మ పుణ్యమేనని చెప్పుకునేది.

అయ్యకి ఒక బాధ ఉండేది. మసీదులో మా వరస ఎప్పుడూ వెనకదే. ఎవరూ పొమ్మనలేదు. ఉర్దూవాళ్ళు, బెంగాలీవాళ్ళు మాట్లాడుకుంటూంటే అయ్య వెనక్కి తగ్గి నిలబడేవాడు. వాళ్ళ మాట అర్థం కాదు, అర్థమైనా వినబడదు. "మన ఇంట్లో ఒకడికైనా దీన్ తెలియాలి" అనేవాడు. దీన్ అంటే ఆయన లెక్కలో చదువుకున్న మతం. అమ్మకి తెలిసినదంతా విని నేర్చుకున్నదే. అందుకని మా అన్నని, నాకంటే చాలా పెద్దవాణ్ణి, రైలు పాసు మీద ఉత్తరాదికి తీసుకెళ్ళి ఒక మదరసాలో దిగబెట్టి వచ్చాడు. తోటివాళ్ళందరూ తమ కొడుకుల్ని అప్రెంటిసులుగా పెట్టించుకుంటున్న రోజులవి. నీకేటి పిచ్చా అని అయ్యని అడిగినవాళ్ళున్నారు.

అన్న సెలవుల్లో వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా కొంచెం పొడుగై, కొంచెం మెత్తబడి. చదువు పూర్తిచేసుకుని తిరిగివచ్చింది అరవైల మొదట్లో. నేనప్పుడు రైల్వే బడిలో చదువుతున్నాను. తెలుగు కొంత మరిచిపోయాడు, మాట వెతుక్కునేవాడు. గడ్డం పల్చగా వచ్చింది. అయ్య ఆయన్ని మసీదుకి తీసుకువెళ్ళిన మొదటి శుక్రవారం ఇద్దరూ ముందు వరసలో నిలబడ్డారు. ఇంటికొచ్చాక అయ్య ఆ సంగతి అమ్మకి చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పాడు.

అన్న మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి. ఎవరినీ కసరడం నేను చూడలేదు. వచ్చిన మర్నాడు పొద్దున్నే అమ్మ నియ్యతు విని లేచి కూర్చున్నాడు. కొన్నాళ్ళు అలాగే ఊరుకున్నాడు. ఒక మధ్యాహ్నం అమ్మ వసారాలో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అన్న వెళ్ళి పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టాడు. నేను గుమ్మం దగ్గర జడ విప్పుకుంటున్నాను.

"అమ్మా, నియ్యతు మనసులో ఉంటే చాలు. పైకి చెప్పక్కర్లేదు" అన్నాడు.

"సెబితే తప్పా?"

"ప్రవక్త అలా చెప్పినట్టు ఎక్కడా లేదమ్మా. నిలబడేవారు, అల్లాహు అక్బర్ అనేవారు. అంతే. ఆయన చెయ్యనిదాన్ని మనం ఆరాధనలో, ఇబాదత్‌లో కలిపితే దాన్ని బిద్అత్ అంటారు."

"అంటే ఏటి?"

"కొత్తగా పుట్టించింది."

అమ్మ చేట కింద పెట్టింది. "కొత్తది కాదు నాయినా. మా అమ్మ సెప్పేది. ఆళ్ళమ్మ సెప్పేది."

"మనకి పాతదే అమ్మా" అన్నాడు అన్న. "దీన్‌కి కొత్తది."

అమ్మ చేతిలో మిగిలిన గింజలు చేటలో రాల్చింది. తర్వాత అడిగింది, "మరి ఇన్నేళ్ళ నా నమాజు ఏటయినట్టు?"

అన్న కంగారుపడ్డాడు. చేటలోంచి చెయ్యి తీసేశాడు. "అయ్యో, నమాజుకేం కాలేదమ్మా. పనులన్నీ మనసుని బట్టే. నీ మనసులో ఉన్నది అల్లాకి తెలుసు. నేనన్నది ఆ పైకి చెప్పే మాట గురించే."

"ఆ మాట సెబితేనే నాకు మనసు నిలబడతాది" అంది అమ్మ, తప్పు ఒప్పుకుంటున్నట్టు. అన్న మళ్ళీ చేటలో చెయ్యి పెట్టాడు. ఇద్దరూ బియ్యం ఏరడం పూర్తిచేశారు.

మర్నాడు అమ్మ ఎప్పట్లాగే చెప్పుకుంది. కాని గొంతు తగ్గింది. ఆ తర్వాత రోజు ఇంకా తగ్గింది. అయ్య కుళాయి దగ్గరే కూర్చుండిపోయాడు. తెల్లగా తెల్లవారిపోతూంటే నేను వెళ్ళి భుజం తట్టాల్సివచ్చింది. ఏం జరిగిందని అడిగి, విషయం అర్థమయ్యాక అయ్య కొడుకుని ఏమీ అనలేదు. చదివించుకున్నది తనే. కాని ఆ శుక్రవారం మసీదులో ముసలి ఇమాము దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. ఆయన ఒడిశావైపు మనిషి, అయ్యకి అర్థమయ్యేటట్టు చేతులతో కూడా మాట్లాడేవాడు. అయ్య ఇంటికొచ్చి మా అందరి ఎదటా, అన్న ఎదట కూడా, ఆయన చెప్పింది చెప్పాడు.

"రెండు మాటలూ పెద్దోళ్ళవేనంట. నోటితో అంటే మనసుకి సాయమని కొందరన్నారంట. ప్రవక్త సెయ్యనిది మనం సెయ్యకూడదని కొందరన్నారంట. ఇద్దరూ నమాజుని కాపాడుకోడానికే అన్నారంట."

"మరి నన్నేటి సెయ్యమన్నారు?" అని అడిగింది అమ్మ.

"నీ మనసు ఎలా నిలబడితే అలా సెయ్యమన్నారు."

అన్న తలొంచుకుని విన్నాడు. "ఇమాంసాబు చెప్పింది నిజమే. అలా అన్నవాళ్ళున్నారు" అని తనే ఒప్పుకున్నాడు. "నాకు నేర్పినవాళ్ళు ఇలా నేర్పారు. అమ్మని మానమని నేను అనను."

అక్కడితో అయిపోయిందనుకున్నాం. నాకు సంతోషమైంది. రేపట్నించి మళ్ళీ ఆ గొంతు వస్తుందని ఆ రాత్రి అనుకుంటూ పడుకున్నాను. రాలేదు. కొన్నాళ్ళు ఎదురుచూశాను. మెలకువ ముందే వచ్చేసేది. కళ్ళు మూసుకుని పడుకుని, అమ్మ జానిమాజ్ చాప పరుస్తున్న చప్పుడు, గాజుల చప్పుడు వినేదాన్ని. తర్వాత యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు వినబడేది. అంతే.

ఒకరోజు పెరట్లో బట్టలారేస్తూ అడిగాను, ఎందుకు మానేశావని. అమ్మ తడిచీర దులిపి తీగ మీద వేసి, అప్పుడు చెప్పింది.

"నాకు మాట కావాల, నిజమే. కానీ అమ్మీ, ఇప్పుడా మాట అంటంటే నా మనసు అల్లా దగ్గర ఉండడం లేదు. లోపల గదిలో పడుకున్నోడి మీదకి పోతన్నాది. నా గొంతు ఇంటన్నాడా, బాధపడతన్నాడా, తల్లికి సెప్పలేక ఊరుకున్నాడా అని. అలాటప్పుడు ఆ మాట ఎవల కోసరం సెప్పినట్టు? ఆడి కోసరం సెప్పినట్టవుద్ది. అందుకే మానేసినాను."

అది కోపంతో అన్న మాట కాదు. మానేసిన రోజునించి అమ్మ నమాజు ఇంకా నెమ్మదిగా చేసేది. నిలబడి, చేతులెత్తే ముందు చాలాసేపు ఆగేది. ఆ ఆగినంతసేపూ ఏమనుకునేదో నాకు తెలీదు.

గోడ అవతలి అత్తకి ఇవేవీ తెలియవు. ఒక పొద్దుట గోడ మీంచి తొంగిచూసి, "ఒదినా, ఒంట్లో బాగోలేదేటి? నీ గొంతు ఇనబడక ఈయన రెండుసార్లు లేటుగా ఎల్లినాడు" అంది.

"బాగానే ఉన్నాను. మనసులో సెప్పుకుంటన్నాను" అంది అమ్మ.

"మనసులో సెప్పుకుంటే నాకెలా ఇనబడద్ది?" అని అత్త నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. తర్వాత అత్తవాళ్ళు మేదినీపూర్ వెళ్ళి అలారం గడియారం కొని తెచ్చుకున్నారు. అది మోగితే మాకూ వినబడేది. నాకు దానిమీద చాలా రోజులు మంట ఉండేది.

అన్న మసీదులో పిల్లలకి అరబ్బీ చెప్పేవాడు. దానితో ఇల్లు గడవదని తర్వాత రైల్వేలో ఖలాసీగా చేరాడు. అయ్యలాగే ఇనుము మోశాడు. సాయంత్రం పూట పిల్లలకి చెప్పడం మాత్రం మానలేదు. ఒకసారి, నాకు పెళ్ళి కుదిరిన రోజుల్లో, ఇద్దరం గోల్‌బజార్ నించి బట్టలు కొనుక్కుని నడిచి వస్తున్నాం. ఉన్నట్టుండి అన్నాడు, "ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నేననుకోలేదు." ఏ నిశ్శబ్దమని నేను అడగలేదు. "అక్కడ మదరసాలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్న లేవగానే అమ్మ గొంతే గుర్తొచ్చేది. వచ్చి, దాన్నే ఆపాను" అన్నాడు. చెప్పింది తప్పని మాత్రం అనలేదు. తప్పని ఆయన నమ్మలేదు. అందువల్లనే ఆయనకి ఆ బాధ ఎక్కడ దించుకోవాలో తెలిసేది కాదనుకుంటాను.

నాకు విజయనగరంలో సంబంధం చేశారు. అక్కడ అత్తవారింట్లో కూడా తెలుగే, కాని నియ్యతు పైకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. పరాయి ఇంట్లో మొదటి తెల్లవారుజామున, ఎక్కడున్నానో తెలియక, కాసేపు చెవి ఒగ్గి పడుకున్నాను. అమ్మ గొంతు ఆగిపోయి అప్పటికి ఏళ్ళు గడిచాయి. అయినా ఇల్లు మారేసరికి అది అక్కడే, ఆ క్వార్టరులోనే ఇంకా ఉన్నట్టు, నేనే దాన్ని వదిలి వచ్చినట్టు అనిపించింది. వర్షాకాలంలో గాలి రైలు స్టేషను వైపునించి వీచినప్పుడు ఆ బెంగ ఎక్కువయ్యేది.

డెబ్భైలు మొదలయ్యాక అమ్మకి పక్షవాతం వచ్చింది. టెలిగ్రాం అందగానే హౌరా మెయిల్‌లో బయల్దేరాను. నేను చేరేసరికి రైల్వే ఆసుపత్రి నించి ఇంటికి తెచ్చేశారు. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. మూతి కొంచెం వంకర తిరిగింది. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. నన్ను చూడగానే వాటిలోంచి నీళ్ళు కారాయి. అయ్య మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన చెవులు అప్పటికి పూర్తిగా పోయాయి. మాట లేని ఆవిడ, చెవులు లేని ఆయన ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కూర్చునేవారు.

రోజులో కొన్నిసార్లు అమ్మ ఎడం చెయ్యి మంచం పట్టె మీద కొట్టుకునేది. నీళ్ళు ఇస్తే తోసేసేది. పక్కకి తిప్పబోతే తల అడ్డంగా ఊపేది. నోరు తెరిచి ఏదో అనబోయి, రాక, ఏడ్చేది. నాకు అర్థం కాలేదు. నేను వచ్చిన రెండోనాడో మూడోనాడో అన్న డ్యూటీ నించి వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. అప్పుడే దూరంగా అజా వినబడుతోంది. అన్నకి అర్థమైంది. చేతులు కడుక్కుని వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"అమ్మా, నమాజు పోయిందని బాధపడుతున్నావా?"

అమ్మ కళ్ళు మూసి తెరిచింది.

"పోలేదు. నాలిక కదలనివాళ్ళని నాలిక గురించి అడగరు. నడుం వంగనివాళ్ళని నడుం గురించి అడగరు. నువ్వు కళ్ళతో సైగ చేస్తే అదే వంగడం, అదే సజ్దా. ఇక నియ్యతంటావా" అని ఆగాడు. "నియ్యతు మనసులోది అని నీకు చెప్పింది నేనే కదా. మనసులోది కాబట్టే ఇవాళ కూడా నీ దగ్గరే ఉంది. నోటిదైతే ఈ జబ్బు పట్టుకుపోయేది."

అమ్మ అన్న మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. మంచం పట్టె మీద చెయ్యి కొట్టుకోవడం ఆగింది. నేను తడిగుడ్డతో అమ్మ చేతులూ మొహమూ పాదాలూ తుడిచి, నమాజుకి ముందు చేసుకునే వజూ చేయించాను. ఆ సాయంత్రం అమ్మ కళ్ళతో నమాజు చేసింది. ఎప్పుడు మొదలుపెట్టిందో ఎప్పుడు ముగించిందో మాకు తెలీదు. కళ్ళు నెమ్మదిగా వాలి మళ్ళీ లేవడం మాత్రం చూశాం.

మర్నాడు మధ్యాహ్నం అత్త బార్లీ నీళ్ళు కాచి పట్టుకొచ్చింది. నేను తడిగుడ్డతో తుడుస్తూ ఉంటే, అదేమిటని అడిగింది. అన్న ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ నమాజుకి సిద్ధమవుతోందని, మనసులోనే చేసుకుంటుందని చెప్పాడు. అత్త గిన్నె పక్కన పెట్టింది.

"మరి ఆ సెప్పుకునే మాట?" అంది. "నాలుగు ముక్కలు సెప్పుకునేది కదా ముందల. అది లేకండా ఒదినకి తోసుద్దేటి? నాకొచ్చును అది. అన్నేళ్ళు ఇన్నాను. నేను సెప్పనా?"

నేను అన్నవైపు చూశాను. అన్న ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. అమ్మ కూడా ఆయనవైపే చూస్తోంది. అత్త ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. పైట తల మీదకి లాక్కుని, మంచం పక్కన నేల మీద చతికిలబడి, అమ్మ మొహంలోకి చూస్తూ, గుడిలో మొక్కు చెప్పుకునేటప్పటి గొంతుతో మొదలుపెట్టింది.

"అల్లా, ఈ తెల్లారగట్ల నమాజు రెండు రకాతులు..."

అమ్మ మూతి కదిలింది. ఎడం చేతి వేళ్ళు నాలుగూ పైకి లేచాయి. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చూస్తే, నవ్వుతోంది. జబ్బు చేశాక అదే మొదటిసారి. బయట ఎండ నెత్తి మీద ఉంది, అత్తకి వచ్చినది తెల్లవారుజాముది ఒక్కటే.

అన్న అమ్మ వేళ్ళవైపు చూశాడు. "ఇది జొహర్ అత్తా, మధ్యాహ్నంది" అన్నాడు. "నాలుగు రకాతులు."

"సరే, నాలుగు" అని అత్త దిద్దుకుని మళ్ళీ మొదట్నించి చెప్పింది. కాబా వైపు మొహం తిప్పినాను అనే దగ్గర అన్న లేచి, అమ్మ మొహం కొంచెం పడమరకి తిరిగేటట్టు తలగడ జరిపాడు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి అత్తకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పూర్తిచేసింది. అమ్మ కళ్ళు మూసుకుంది. మేం ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. అయ్య మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ, ఏం జరుగుతోందో తెలియక, ఆయనా కదలకుండా కూర్చున్నాడు.

తర్వాత పెరట్లో అన్న నాతో అన్నాడు, "దీనికి పేరేమిటో నేను చదివిన కితాబుల్లో లేదు. అత్త నమాజు చెయ్యలేదు. అమ్మ నోటితో అనలేదు. ఎవర్ని వద్దనను?" నా జవాబు కోసం అడిగింది కాదు. కుళాయి విప్పి వజూకి కూర్చున్నాడు.

అత్త ఆ తర్వాత తనకి వీలైన పూటల్లా వచ్చేది. ఏ పూటకి ఎన్నో అన్నని అడిగి తెలుసుకుంది. ఒకోసారి తప్పు చెప్పేది, అమ్మ వేళ్ళతో సరిచేసేది. అన్న ఇంట్లో ఉంటే ఆ సమయానికి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. వింటూ కూర్చుంటే ఒప్పుకున్నట్టవుతుందనో, వినకుండా ఉండలేక తలుపు అవతలే నిలబడతాననో, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. తలుపు మాత్రం ఎప్పుడూ మూయలేదు.

ఆ చలికాలం చివర అమ్మ పోయింది. మధ్యాహ్నం అన్నం తినిపించి మూతి తుడిచాను. కాసేపటికి చూస్తే లేదు. అన్నే జనాజా నమాజు చదివించాడు. అయ్య ముందు వరసలో నిలబడ్డాడు. పక్కన నిలబడిన మనిషి చేతులు చూసి తనూ చేతులెత్తాడట. పోయినవాళ్ళ పేర అన్నం పెట్టే పెద్దరోజు ఎప్పుడని అత్త నన్ను అడిగింది. అన్న, మేం రోజంటూ పెట్టుకోం అత్తా, ఎప్పుడు మనసైతే అప్పుడు నలుగురికి అన్నం పెడతాం అన్నాడు. ఆవిడ సరేనంది. పెట్టిన రోజున కూరలన్నీ తనే తరిగింది.

నేను విజయనగరం వచ్చేశాను. ఏడాది తిరగకుండా అత్తవాళ్ళాయన రిటైరై వాళ్ళు ఊరెళ్ళిపోయారు. అయ్యకీ రిటైర్మెంటు వచ్చింది. అన్న ఆయన్ని తీసుకుని మసీదు దగ్గర అద్దె ఇంట్లోకి మారాడు. తల్లిని తలుచుకుని ఏడవడం ఎవరికైనా ఉంటుంది. నాకు దానితోపాటు ఇంకొకటి ఉండేది. ఆ నియ్యతు మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. అవసరమైతే అప్పజెప్పగలను. కాని వాటిని నా గొంతుతో అంటే అవి ఒట్టి మాటలు. నేను నమాజుకి నిలబడినప్పుడు పైకి ఏమీ అనను. అన్న చెప్పింది నాకు సబబనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. సబబైనదాన్ని పాటిస్తూనే, పోయినదాని కోసం ఇంత బెంగపడొచ్చా అని ఒకసారి అన్నని అడిగాను. "నేను అదే చేస్తున్నాను కదా" అన్నాడు.

డెబ్భైల చివర్లో అయ్యని చూడ్డానికి వెళ్ళినప్పుడు, తిరుగు బండికి ఇంకా టైముందని, ఒక్కదాన్నే పాత క్వార్టరు వైపు నడిచాను. సాయంత్రం అవుతోంది. ఇప్పుడక్కడ ఒక బెంగాలీ కుటుంబం ఉంటోంది. నేను గుమ్మం ముందు నిలబడటం చూసి, నా వయసావిడే, బయటికొచ్చి ఎవరు కావాలని బెంగాలీలో అడిగింది. నేను ఈ ఇంట్లో పుట్టానని చెప్పాను. ఆవిడ మారు మాట్లాడకుండా లోపలికి రమ్మంది. టీ ఇచ్చింది. గోడలకి ఆకుపచ్చ సున్నం వేసుకున్నారు. ఆవిడ అత్తగారు మంచం మీద కూర్చుని రేడియో వింటోంది.

సాయంత్రపు అసర్ నమాజు వేళ దాటిపోతోందని గుర్తొచ్చింది. అడగనా వద్దా అనుకుని, చివరికి అడిగాను.

"దీదీ, వెనక గదిలో కాసేపు నమాజు చేసుకోవచ్చా?"

ఆవిడ ఒక క్షణం తెల్లబోయింది. తర్వాత లోపలికెళ్ళి, ఉతికి మడతపెట్టిన దుప్పటి తెచ్చి చేతికిచ్చింది. కుళాయి పాత చోటే ఉంది. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి గదిలో ట్రంకుపెట్టె పక్కకి జరిపి చోటు చేసింది.

"ఎటువైపు పరవాలి?" అని అడిగింది.

నేను చూపించాను. ఆవిడ దుప్పటి ఒక కొస పట్టుకుంది, నేనొక కొస పట్టుకున్నాను. పరిచాక ఆవిడ ముందు గదిలోకెళ్ళి అత్తగారితో ఏదో మెల్లగా చెప్పింది. రేడియో ఆగింది. నేను చేతులెత్తాను.